బీరువాలో పెడితే బొమ్మ - బల్లపై పెడితే పాఠం

చిట్టి యంత్రాలతో కోడింగ్ : సర్కారు బడులు చేయదగిన పని

వరంగల్ : చదువుల ఊరని ఓరుగల్లుకు పేరు. 1959 అక్టోబరు 10న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ కోవకు చెందిన కళాశాలల్లో మొదటిది ఇదే. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా (నిట్) మారింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలసింది. 2020 జనవరిలో మడికొండలో పేరున్న ఐ.టి. కంపెనీలు కార్యాలయాలు తెరిచాయి. తెల్లవారితే చాలు, ఇంజనీరింగు కళాశాలల బస్సులు హనుమకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో బారులు తీరుతాయి.

ఇంత చదువు చుట్టూ వున్నా, సర్కారు బడిలో ఆరో తరగతి చదివే పిల్లవాడికి కంప్యూటరు అంటే ఇంట్లో నాన్న చేతి ఫోనే. అందులో బొమ్మలు చూడడం వాడికి తెలుసు. ఆ బొమ్మను ఎవరో ఒకరు ఆదేశాలు రాసి ఆడిస్తున్నారని, ఆ ఆదేశాలు తానూ రాయవచ్చునని చెప్పేవారు అరుదు. ఫీజులు కట్టగలిగిన ఇంటి పిల్లవాడు పదకొండో ఏటనే నేర్చే సంగతిని, పల్లెబడి పిల్ల ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో, పరీక్ష భయంతో, తొలిసారి చూడవలసి వస్తున్నది. ఆ ఏడెనిమిదేళ్ళ ఎడమే తరువాత ఉద్యోగాల వరుసలో ముందు వెనుకలుగా తేలుతుంది.

ఈ ఎడాన్ని పూడ్చడానికి ఇప్పుడు ఒక చిన్న సాధనం అందుబాటులో వుంది. దాని ఖరీదు లక్షల్లో లేదు. దానికి ఏ.సి. గది అక్కరలేదు. అయితే అది బల్లమీదికి రావాలి.

అగ్గిపెట్టెంత కంప్యూటరు

పిల్లలకు కోడింగ్ నేర్పడానికి వాడే చిట్టి యంత్రాల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది 'ఆర్డుయినో'. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టింది. ఎలక్ట్రానిక్సు చదవని విద్యార్థులు సైతం దీపాలను, మోటార్లను ఆడించగలగాలన్నది దాని రూపకర్తల ఉద్దేశం. బడుల్లో ఎక్కువగా కనిపించే 'ఊనో' రకంలో 14 డిజిటల్ కాళ్ళు, 6 అనలాగ్ కాళ్ళు వుంటాయి. ఏ కాలికి దీపం కట్టినా, మోటారు కట్టినా, తేమను కొలిచే తీగ కట్టినా, మనం రాసిన ఆదేశం ప్రకారం అది నడుచుకుంటుంది. దాని నమూనా పటాలు అందరికీ బాహాటంగా ఇచ్చారు గనుక మన దేశంలోనూ చౌక రకాలు తయారై దొరుకుతున్నాయి.

రెండవది 'మైక్రోబిట్'. బి.బి.సి. సంస్థ చొరవతో 2016లో ఇంగ్లండులో వచ్చింది. ఏడవ సంవత్సరం చదివే పిల్లలకోసం సుమారు పది లక్షల యంత్రాలను ఉచితంగా పంచారు. పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు 4 సెంటీమీటర్లు. ముందువైపు వరుసకు అయిదు చొప్పున అయిదు వరుసల్లో 25 చిన్న దీపాలు, అటూ ఇటూ రెండు మీటలు. వంచితే, ఊపితే తెలుసుకుంటుంది. దిక్కు చెబుతుంది. పక్క బల్లమీది మరో యంత్రానికి గాలిలోనే కబురు పంపుతుంది. రెండు సన్న బ్యాటరీ సెల్లులతో పనిచేస్తుంది గనుక కరెంటు పోయినా పాఠం ఆగదు.

ఈ యంత్రాల గొప్పతనం వాటి శక్తిలో లేదు. ఆ మాటకొస్తే చేతి ఫోను వీటికంటే ఎన్నో రెట్లు శక్తిమంతం. కాని ఫోను లోపల ఏం జరుగుతున్నదో పిల్లలకు కనిపించదు. ఇక్కడ ఆదేశం రాసిన మరుక్షణం దీపం వెలుగుతుంది, లేదా వెలగదు. చేసిన పని కళ్ళముందు కనబడుతుంది. పిల్లల చదువుకు అంతకు మించిన గురువు లేదు.

ఆరని దీపం చెప్పే పాఠం

తరగతిలో మొదటి గంట ఎలా నడుస్తుందో చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. ఆర్డుయినోతో అందరూ చేసే మొదటి పని ఒక దీపాన్ని మిణుకు మిణుకుమనిపించడం. పిల్లలు మూడు ఆదేశాలు రాస్తారనుకుందాం. దీపం వెలిగించు, ఒక సెకను ఆగు, దీపం ఆర్పు. ఇదే పనిని మళ్ళీ మళ్ళీ చేయి అని యంత్రానికి అప్పగిస్తారు. కాని దీపం ఆరదు! వెలుగుతూనే వుంటుంది. "సార్, మా యంత్రం చెడిపోయింది" అంటారు పిల్లలు.

యంత్రం చెడిపోలేదు. చెప్పింది చెప్పినట్లు చేసింది. దీపం ఆర్పింది. ఆర్పిన వెంటనే మొదటి ఆదేశానికి తిరిగి వచ్చి మళ్ళీ వెలిగించింది. ఆరిన సమయం సెకనులో లక్షవ వంతు కూడా వుండదేమో, కంటికి ఆనదు. ఆర్పిన తరువాత కూడా 'ఒక సెకను ఆగు' అని రాయాలన్న సంగతి పిల్లలు తమంతట తాము కనుక్కున్నప్పుడు ఆ తరగతిలో పుట్టే కేక వేరు.

ఈ ఒక్క పొరపాటులో మూడు పాఠాలు వున్నాయి. ఒకటి, యంత్రం మన మనసులోని మాట వినదు, రాసిన మాటే వింటుంది. రెండు, ఆదేశాల వరుస ముఖ్యం. మూడు, తప్పు జరిగితే ఎవరూ కొట్టరు, తిట్టరు, వెదకి సరిచేసుకోవడమే పని. మార్కుల భయంతో తప్పును దాచుకోవడం అలవాటైన మన పిల్లలకు ఈ మూడవ పాఠమే అన్నిటికంటె పెద్దది. 1967లో అమెరికాలో సేమర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లలకోసం 'లోగో' అనే భాషను రూపొందించారు. నేలమీద తాబేలు బొమ్మను నడిపించి గీతలు గీయించేవారు. తప్పును సరిదిద్దుకోవడమే నేర్చుకోవడమన్నది ఆనాటినుంచి ఈ విద్యకు పునాదిగా వస్తున్నది.

నీరటికాడికి తెలిసిన తర్కమే

కోడింగ్ అనగానే అది పరాయి విద్య అని జంకనవసరం లేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద సేద్యం చేసిన ఊళ్ళకు దాని తర్కం తెలియనిది కాదు. వెనుకటి రోజుల్లో చెరువు నీటిని పంచే నీరటికాడు ఏం చేసేవాడు? నీరు ఫలానా రాయి దాకా వుంటే తూము ఇంత ఎత్తాలి, అంతకంటె తగ్గితే దించాలి, మడి తడిసేదాకా ఆగాలి, తరువాత పక్క మడికి మళ్ళించాలి, చివరి మడి దాకా ఇదే వరుస. 'ఇలా వుంటే ఇది చేయి, లేకుంటే అది చేయి' అన్న షరతు, 'అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేయి' అన్న ఆవృత్తి - ఈ రెండూ వచ్చినవాడికి కోడింగ్‌లో సగం వచ్చినట్లే.

ఈ పాఠాన్ని ఒక గ్లాసు నీటితో చేయించవచ్చు. రెండు తీగలు గ్లాసులో ఒక ఎత్తున కట్టి, నీరు వాటికి తగిలితే గంట మోగించమని యంత్రానికి చెప్పాలి. పిల్లలు నీరు పోస్తారు. నీరు సరిగ్గా తీగల అంచుకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. నీరు కాస్త కదిలితే గంట మోగుతుంది, ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. అప్పుడు ఉపాధ్యాయుడు అడగాలి : మోగడానికి ఒక గీత, ఆగడానికి దానికంటె కిందుగా మరో గీత పెడితే? పిల్లలు ఆ రెండో గీత పెట్టగానే గంట స్థిమితపడుతుంది. ఇంట్లోని ఫ్రిజ్ మాటిమాటికీ ఆగి నడవకుండా వుండేదీ ఈ కిటుకుతోనే.

2023 జూలై చివరివారంలో మన ప్రాంతం చవిచూసిన వాన ఎవరూ మరువలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం కురిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరును ముంచెత్తింది. బడి పిల్లలు చేసిన గంట ఊరిని కాపాడుతుందని చెప్పడం తగదు. ఆ పని బాధ్యతగల శాఖలది, నమ్మదగిన పెద్ద పరికరాలది. అయితే వాగు మట్టం ఎలా కొలుస్తారు, హెచ్చరిక ఏ గీత దగ్గర ఇవ్వాలి, పరికరం పాడైతే ఎలా తెలుస్తుంది అని అడగగల పౌరులు రేపు ఆ ఊళ్ళలో వుండడం చిన్న సంగతి కాదు.

జంపఖానా గళ్ళు - పత్తి తేమ

కొత్తవాడ జంపఖానాలు వరంగల్‌కు పేరు తెచ్చాయి. 1851లో లండను మహా ప్రదర్శనలో ఓరుగల్లు తివాచీలు ప్రదర్శించారు. 'వరంగల్ దర్రీల'కు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు గళ్ళ లెక్కతో పువ్వును నేస్తాడు - ఇన్ని పోగులు ఎరుపు, ఇన్ని తెలుపు, తరువాతి వరుసలో ఒక పోగు జరుపు. మైక్రోబిట్ మీది 25 దీపాలతో బొమ్మ గీయడం అచ్చంగా ఇదే పని. వెలిగే దీపానికి ఒకటి, వెలగని దానికి సున్నా. గళ్ళ కాగితంమీద పిల్లలు ముందు రాసుకుంటారు, తరువాత యంత్రానికి ఇస్తారు. ఆ 25 దీపాలతో ఎన్ని వేరు వేరు బొమ్మలు వేయవచ్చునో లెక్కవేస్తే 3 కోట్ల 35 లక్షల 54 వేల 432 అని తేలుతుంది! నేత ఇంటి బిడ్డకు ఈ పాఠంలో తన ఇంటి విద్యే కనబడుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో జకార్డ్ మగ్గానికి అట్టముక్కల్లో రంధ్రాలు పొడిచి నేత నమూనాను చెప్పేవారు. లెక్కల యంత్రాన్ని ఊహించిన ఛార్లెస్ బాబేజ్ ఆ అట్టల పద్ధతినే తీసుకున్నాడన్నది ఇక్కడ పేర్కొనదగినది.

ఇక ఎనుమాముల మార్కెట్. పత్తి బస్తాలతో వచ్చిన రైతుకు ధర నిర్ణయించేది తేమ శాతం. భారత పత్తి సంస్థ (సి.సి.ఐ.) 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన 12 శాతం వరకు తగ్గించి కొంటుంది, 12 దాటితే కొనదు. మీటరు గుచ్చి చూపిన అంకె రైతుకు శాసనమవుతుంది. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో ఆయనకు ఎవరూ చెప్పరు. తడిలో కరెంటు తేలికగా ప్రవహిస్తుంది, పొడిలో ప్రవహించదు అన్న సూత్రంమీదే చాలా తేమ మీటర్లు పనిచేస్తాయి. దీన్ని బడిలో రెండు మేకులు, ఒక డబ్బా మట్టి, ఒక చిట్టి యంత్రంతో చేసి చూపవచ్చు. మేకులు ఎంత లోతు గుచ్చారో, ఎంత ఎడంగా గుచ్చారో దాన్నిబట్టి అంకె మారుతుందని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఒకచోట కాక అయిదారు చోట్ల కొలిచి సగటు తీయాలన్న న్యాయం వారికి అర్థమవుతుంది. ఆ పిల్లవాడు తండ్రి వెంట మార్కెట్టుకు వెళ్ళిన రోజున "ఇంకో చోట గుచ్చి చూడండి సారూ" అని అడగగలిగితే ఆ చదువు సార్థకమైనట్లే.

నలభయ్యేళ్ళ నాటి అనుభవం

బడుల్లోకి కంప్యూటర్లు రావడం ఇది మొదటిసారి కాదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం ప్రారంభించింది. తొలి విడతగా దేశంలో 250 పాఠశాలలను ఎంపిక చేసి, ఇంగ్లండుకు చెందిన ఏకార్న్ సంస్థ రూపొందించిన 'బి.బి.సి. మైక్రో' కంప్యూటర్లను అందజేశారు. ఆ దశాబ్దం ముగిసేసరికి పథకం రెండువేలకు పైగా పాఠశాలలకు విస్తరించింది. ఆశ గొప్పది. కాని తెరమీది భాష ఇంగ్లీషు, పిల్లలు ఎందరో యంత్రాలు కొన్ని, చెడిపోతే బాగుచేసేవారు దూరాన. వారానికి ఒకటి రెండు గంటలు చూసి వచ్చిన చదువు పిల్లల్లో నిలవలేదు.

విచిత్రమేమంటే ఆనాటి బి.బి.సి. మైక్రోకు ఈనాటి మైక్రోబిట్ మనుమరాలి వరుస. పేరూ అక్కడిదే, లోపలి 'ఆర్మ్' చిప్ వంశమూ ఆ ఏకార్న్ సంస్థదే. పాతదానిలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. 2020లో వచ్చిన మైక్రోబిట్ రెండో రకంలో 128 కిలోబైట్లు. బల్లంతా ఆక్రమించిన యంత్రం అరచేతిలోకి వచ్చింది, జ్ఞాపకశక్తి నాలుగింతలైంది. యంత్రం మారింది గాని, నాటి పథకాన్ని కుంటుపరచిన మూడు లోపాలు - భాష, శిక్షణ, మరమ్మతు - నేటికీ మన ముందే వున్నాయి.

పథకాలు వున్నాయి, కాని...

నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం కింద ఎంపికైన పాఠశాలకు రు. 20 లక్షల గ్రాంటు ఇస్తారు. అందులో సగం పరికరాలకు, సగం అయిదేళ్ళ నిర్వహణకు. ఆరు నుంచి పన్నెండవ తరగతి వరకు పిల్లలకు ఆర్డుయినో, సెన్సార్లు, త్రీడీ ప్రింటరు వంటివి అందుబాటులో వుంచాలన్నది లక్ష్యం. దేశంలో పదివేల ల్యాబ్‌లు ఏర్పడ్డాయి. వచ్చే అయిదేళ్ళలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మాధ్యమిక దశలోనే కోడింగ్ కృత్యాలు ప్రవేశపెట్టాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతున్నది.

కాగితంమీద ఇవన్నీ బాగున్నాయి. అయితే ఏ పాఠశాలకైనా పరికరం వచ్చిన రోజునే ఒక ప్రమాదం పొంచి వుంటుంది. అది స్టాకు రిజిస్టరు. వస్తువు పోయినా, పగిలినా జవాబు చెప్పుకోవలసింది ప్రధానోపాధ్యాయుడు. అందుచేత పరికరాలు భద్రంగా బీరువాలోకి చేరతాయి. తనిఖీ అధికారి వచ్చిన రోజున బల్లమీదికి వస్తాయి. పంతులును తప్పుపట్టి లాభం లేదు. పిల్లల చేతిలో తీగ తెగడం, దీపం మాడిపోవడం ఈ చదువులో మామూలు ఖర్చు అని, ఏటా ఇంత శాతం వాడుకలో పోయినట్లు రాసుకోవచ్చునని పై అధికారులు ఉత్తర్వు ఇస్తే తప్ప ఆ తాళం ఊడదు. రసాయనశాలలో యాసిడ్ ఖర్చు రాసుకున్నట్లే దీన్నీ రాసుకోవాలి.

తెలుగులో చెప్పాలి

భాష సంగతి మరో చిక్కు. యంత్రం ఆదేశాలు ఇంగ్లీషులో వుంటాయి. 'ఇఫ్', 'ఎల్స్', 'ఫరెవర్' వంటి పదాలు పాతికకు మించవు. వాటిని నేర్చుకోవడం కష్టం కాదు. కష్టమంతా వాటి వెనుక ఆలోచనను ఇంగ్లీషులోనే చెప్పబోవడంలో వుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు వుండేలా పాఠ్యపుస్తకాలు ముద్రించారు. కోడింగ్‌కూ అదే పద్ధతిలో ఒక పలుచని పుస్తకం వస్తే సారుకూ, పిల్లలకూ దన్నుగా వుంటుంది.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. నలుగురికి ఒక యంత్రం ఇచ్చినచోట మీటలు మగపిల్లల చేతికి, రాతపని ఆడపిల్లల చేతికి పోవడం సహజంగా జరిగిపోతుంది. ఇద్దరికి ఒక యంత్రం ఇచ్చి, పది నిమిషాలకొకసారి చేతులు మార్పిస్తే ఈ తేడా చాలావరకు తొలగుతుంది. ఇందుకు ఖర్చు లేదు, సారు చేతిలో గడియారం వుంటే చాలు.

డబ్బు రాకముందే చేయదగినవి

నిధులు వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోనవసరం లేదు. మొదటి నెల పాఠాలకు యంత్రమే అక్కరలేదు. ఒక పిల్లవాడు 'యంత్రం'గా నిలబడాలి, మిగతావారు చీటీలపై ఆదేశాలు రాసి వాణ్ణి తలుపు దాకా నడిపించాలి. 'ముందుకు నడువు' అని రాసి ఎన్ని అడుగులో రాయకపోతే వాడు గోడకు తగులుతాడు. తరగతి నవ్వుతుంది, పాఠం నాటుకుంటుంది. తరువాత మైక్రోబిట్, ఆర్డుయినోల నకళ్ళను కంప్యూటరు తెరమీదే ఉచితంగా నడిపించే వెబ్‌సైట్లున్నాయి. బడిలో నెట్ సౌకర్యమున్న ఒక్క కంప్యూటరు వున్నా పెద్ద తెరకు కలిపి తరగతికంతా చూపవచ్చు.

నిట్‌లోను, చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలల్లోను చదివే విద్యార్థులకు జాతీయ సేవా పథకం వుంది. చెట్లు నాటడం, రోడ్లు ఊడవడంతోపాటు నెలకు రెండు శనివారాలు ఒక్కొక్క జట్టు ఒక్కొక్క సర్కారు బడిని దత్తు తీసుకుంటే చెడిన యంత్రాల మరమ్మతు, ఉపాధ్యాయులకు తోడు - రెండూ తీరుతాయి. మడికొండ ఐ.టి. ఉద్యోగులూ ఒక చేయి వేయవచ్చు. అయితే వచ్చినవారు తామే చేసి చూపి వెళ్ళిపోతే ఫలితం సున్న. పిల్లల చేత చేయించాలి, బడి సారును ముందు నిలపాలి. అతిథులు వెళ్ళిన తరువాత మిగిలేది సారే.

పిల్లలందరూ కంప్యూటరు ఇంజనీర్లు కావాలని ఎవరూ అనడం లేదు. లెక్కలు నేర్చినవారందరూ గణిత పండితులు కాలేదు గదా! అయినా కాంటా దగ్గర మోసపోకుండా వుండడానికి ఆ లెక్కలు పనికివచ్చాయి. రేపటి కాంటాలు, మీటర్లు, పంపుసెట్లు, బ్యాంకులు - అన్నీ ఎవరో రాసిన ఆదేశాలతో నడిచేవే. ఆ ఆదేశాన్ని చదవగలవాడికీ, చదవలేనివాడికీ మధ్య తేడా ఒకనాటి అక్షరాస్యుడికీ, వేలిముద్రగాడికీ మధ్య వున్న తేడా వంటిదే.

విద్యాశాఖ అధికారులు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏయే పాఠశాలల్లో ఇటువంటి పరికరాలు వున్నవో, వారానికి ఎన్ని గంటలు పిల్లల చేతికి వస్తున్నవో ఒకసారి లెక్క తీయించడం అవసరం. ఎన్ని కొన్నారన్న లెక్క కంటె ఎన్ని అరిగాయన్న లెక్కే ఇక్కడ ముఖ్యం. బడిలో అరగని యంత్రం పిల్లలకు ఏమీ నేర్పలేదు.